మా అత్తయ్య చేతి కొమ్మలు

మా అత్తయ్యకి నా మీద మొదటిసారి కోపం వచ్చింది నా పెళ్ళయిన నాలుగో రోజున, ఒక రోజ్‌మేరీ కొమ్మ మూలంగా. పెరటి గోడ పక్కన డబ్బాలో ఆవిడ ముందురోజే నాటిన కొమ్మ అది. వేరు వచ్చిందో లేదో చూద్దామని పీకి చూశాను, అంతే.

"పసిపిల్లని నిద్ర లేపి, నిద్రపట్టిందా అని అడుగుతావా?" అంది.

నేనూ తక్కువ తినలేదు. "పసిపిల్లయితే ఏడుస్తుంది కదా, ఇది కిక్కురుమనలేదే" అన్నాను. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దరినీ ఒకసారి చూసి, ఎవరి పక్షం మాట్లాడినా తనకే చేటని గ్రహించి, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళయింది. ఇప్పటికీ ఆయన పద్ధతి అదే.

మా అత్తయ్య పనిచేసేది మందుమొక్కల నర్సరీలో. రోజ్‌మేరీ, లావెండర్, నిమ్మవాసన వచ్చే వెర్బెనా, ఇలా ఆకు నలిపితే రోజంతా చేతిని వదలని పొదలన్నీ అక్కడ కొమ్మల నుంచే పెంచుతారు. విత్తనం వేస్తే ఏ మొక్క ఎలా వస్తుందో ఎవరూ చెప్పలేరు. కొమ్మ నాటితే మాత్రం తల్లి ఎలా ఉంటే పిల్లా అలాగే ఉంటుంది. మందులు తయారుచేసే వాళ్ళకి కావలసింది అదే. అందుకని ముందువైపు పూలకుండీల దగ్గర ఎంత హడావిడి ఉన్నా, నర్సరీకి అసలు ఆధారం వెనకనున్న కొమ్మల షెడ్డు. ఆ షెడ్డుకి ముప్పై రెండేళ్ళుగా ఆధారం మా అత్తయ్య.

అక్కడ అందరూ ఆవిడని చలవమ్మ అంటారు. అసలు పేరు అది కాదు. ఆవిడ చేతి చలవకి చీపురుపుల్ల కూడా చిగురిస్తుందని ఎవరో అన్న మాట అలా పేరైపోయింది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరగదు. మా మామయ్య పోయాక, మూడేళ్ళ మా ఆయన్ని చంకనేసుకుని కుండీలు కడిగే పనికి చేరిందట. కడుగుతూ కడుగుతూ, అప్పటి పెద్ద తోటమాలి కొమ్మలు నాటడం ఓరకంట చూసి నేర్చుకుంది. ఆయన పారేసిన కొమ్మలు ఏరుకొచ్చి, పగిలిన కుండీలో ఇసుక పోసి, ఒక మూలన దాచిపెట్టి నాటింది. రెండు నెలల తర్వాత ఆ కుండీ బయటపడింది. తోటమాలి చూసి, తిట్టబోయి, కొమ్మలు నాటే బల్ల దగ్గర ఆవిడకి పీట వేశాడు.

నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళింది కూడా ఆవిడే, పెళ్ళయిన రెండేళ్ళకి. "ఇంట్లో గిన్నెల మీద చూపించే కోపం అక్కడ పని మీద చూపించు, నాలుగు మొక్కలన్నా వస్తాయి" అంది.

షెడ్డు పొడుగాటి గది. పైన ప్లాస్టిక్ పట్టా, ఎండ ఆపడానికి దాని మీద సున్నం పూత. మధ్యలో నడుం ఎత్తున రేకు బల్ల. ఇటు ఆరుగురం, అటు ఆరుగురం ఎత్తు పీటల మీద కూర్చుంటాం. ఉండుండి పైనున్న గొట్టాల్లోంచి సన్నటి తుంపర పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటిరోజు ఆ వాసనకి మురిసిపోతారు, మూడోరోజు తలనొప్పంటారు, నెల తిరిగేసరికి వాళ్ళకి వాసనే తెలియదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి మాత్రం తెలుస్తుంది.

పని చూడ్డానికి తేలిక. పొద్దున్నే తల్లిపొదల నుంచి నాలుగంగుళాల కొమ్మలు తేవాలి. కింది ఆకులు దూసేయాలి. అడుగు కాస్త తడిచేసి, వేర్లు పుట్టించే హార్మోన్ పొడిలో అద్ది, ఎక్కువైంది దులిపి, ముందే పుల్లతో చేసి ఉంచిన గుంటలో దింపాలి. గుంట చేయకుండా గుచ్చితే పొడంతా పైనే తుడుచుకుపోతుంది. ట్రేలో మట్టి ఉండదు. కొబ్బరిపొట్టు, ఇసుక, పెర్లైట్ అనే తెల్లటి తేలిక గుళ్ళు కలిపి నింపుతాం. రోజ్‌మేరీకి అడుగున తడి నిలిస్తే గిట్టదు, దానికి గుళ్ళు ఎక్కువ పడాలి. ఆ మిశ్రమాన్ని పిడికిట్లో పిండి చూడాలి. ముద్ద నిలవాలి, చుక్క రాలకూడదు. నేను పిండితే ఒకరోజు చుక్కలు కారేవి, ఒకరోజు ముద్దే నిలిచేది కాదు. "నీ పిడికిలికి కూడా మూడ్ బాగుండాలా?" అనేది అత్తయ్య.

కొమ్మ తీయడంలో మాత్రం ఆవిడ దారి వేరు. మేమంతా కత్తితో కణుపు కింద కోస్తాం. ఆవిడ కత్తి ముట్టదు. పక్కకొమ్మని మొదట్లో పట్టుకుని కిందికి ఒక్క లాగు లాగుతుంది. తల్లికొమ్మ బెరడు సన్నటి చీలిక ఒకటి దాంతోపాటు ఊడి వస్తుంది. దాన్ని మేం తోక అంటాం. తోక ఉన్న కొమ్మ తొందరగా కుళ్ళదని, వేర్లు గట్టిగా వస్తాయని ఆవిడ నమ్మకం. లాగడంలో కాస్త అటూ ఇటూ అయితే తల్లికొమ్మే చీలిపోతుంది, అందుకని ఆవిడ తప్ప ఇంకెవరూ అలా లాగడానికి వీల్లేదు. నేను నేర్చుకుంటానని మూడు పొదల ప్రాణం తీశాక, నాకు కత్తే గతి అయింది.

ట్రే నాటగానే మూలన ఒక పుల్ల గుచ్చుతాం. పుల్లకి ఎవరి రంగు దారం వాళ్ళు చుడతారు. అత్తయ్యది ఎరుపు, నాది నీలం. ఐదో వారంలో లెక్క. ఎవరి ట్రే వాళ్ళు లెక్కపెట్టకూడదు, పక్క పీట మనిషే లెక్కపెట్టాలి. ఆ మనిషి చెప్పిన అంకెని ఎవరూ తిరిగి సరిచూడరు. ఇప్పటి యజమాని వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ అదే పద్ధతి. వందలో సగం కొమ్మలకి వేర్లు రాకపోతే ఒక హెచ్చరిక. రెండోసారి కూడా రాకపోతే బల్ల దిగి, కుండీలు నింపే షెడ్డుకి పోవాలి. కుండీల పనిని ఎవరూ చిన్నచూపు చూడరు. కానీ బల్ల దిగిన మనిషి తిరిగి బల్ల ఎక్కిన దాఖలా లేదు. అత్తయ్య ట్రే ఏనాడూ ఎనభైకి తగ్గలేదు.

కిందటేడు ఆవిడ నన్ను చూడకుండా పక్కచూపులు చూడటం మొదలుపెట్టింది. మాట్లాడుతున్నప్పుడు ముఖం నావైపే ఉండేది, చూపు మాత్రం నా చెవి దాటి ఎక్కడికో పోయేది. నాకు ఒళ్ళు మండింది. నేనేమన్నా అన్నానా, ఎందుకీ పక్కచూపులు అని మా ఆయన్ని నిలదీశాను. "మీ మధ్యలోకి నన్ను లాగొద్దు" అన్నాడు. తర్వాత ఒకరోజు ఆవిడ మందుసీసా నా చేతికిచ్చి, "దీని మీద ఏం రాశాడో చదువు. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో" అంది. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

నవ్వబోయి ఆగిపోయాను. 

మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. చూపు సరిగ్గా మధ్యలో మసకబారుతోందట. పక్కలు కనబడతాయి, ఎదుటిది కనబడదు. ఆవిడ నడవగలదు, గుమ్మం దాటగలదు, ఎర్ర దారమేదో నీలం దారమేదో చెప్పగలదు. అక్షరం మాత్రం చదవలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం పోల్చుకోలేదు. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది కాపాడుకోవాలని డాక్టరు చెప్పాడు.

తిరిగి వస్తూ బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. నేను ఏడుస్తున్నానని ఆవిడకి ముక్కు చీదిన చప్పుడుతో తెలిసిపోయింది.

"ఎందుకే ఏడుస్తావు? నీ ముఖం పెళ్ళినాడు చూశాను కదా. కొత్తగా చూడాల్సిందేముంది?"

"అప్పటికంటే లావయ్యాను" అన్నాను.

"అయితే చూడకపోవడమే మేలు" అని నవ్వింది. అంతలోనే, "షెడ్డులో ఎవరికీ చెప్పకు అమ్మాయ్" అంది.

"చెప్తే ఏమవుతుంది? యజమాని మంచివాడేగా."

"మంచివాడు కాబట్టే భయం. తిట్టేవాడైతే తిరిగి నాలుగు మాటలనొచ్చు. వాడు తిట్టడు. 'చాలా చేశారు పెద్దమ్మా, ఇంక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి' అంటాడు. ఆ మాట విన్నాక నేను పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి?" అంటూ మా స్టాపు వచ్చేదాకా నా మణికట్టు పట్టుకునే కూర్చుంది. నేను ఎవరికీ చెప్పలేదు.

షెడ్డులో అల్మారాలో హార్మోన్ పొడి డబ్బాలు రెండుంటాయి. ఒకటి లేత కొమ్మలకి, దాన్ని చిన్న పొడి అంటాం. రెండోది ముదురు చెక్కకి, అది పెద్ద పొడి, ఘాటెక్కువ. లేత కొమ్మకి పెద్ద పొడి అద్దితే అడుగు కాలినట్టు నల్లబడి చచ్చిపోతుంది. ఇదివరకు చిన్న పొడి గులాబీ రంగులో వచ్చేది, ఎవరికీ తేడా రాలేదు. ఆ మధ్య వచ్చినవి రెండూ తెలుపే. డబ్బాలు కూడా ఒకేలా ఉన్నాయి, పైనున్న అంకె ఒక్కటే తేడా. అత్తయ్యకి అంకె కనబడదు. ఎడమవైపుది చిన్న పొడి, కుడివైపుది పెద్ద పొడి అని చోటుని బట్టి గుర్తుపెట్టుకుంది. డబ్బాకి రబ్బరు బ్యాండు వేస్తానన్నాను. "అందరికీ దండోరా వెయ్యి" అని కసిరింది.

ఒకరోజు పొద్దున మా ఆయనతో ఏదో గొడవపడి షెడ్డుకి ముందే వచ్చేశాను. కోపమొస్తే తుడవడం నాకలవాటు. బల్ల తుడిచాను, పీటలు తుడిచాను, అల్మారా తుడిచాను. డబ్బాలు దించి మళ్ళీ పెట్టాను. ఏది ఎటు పెట్టానో చూసుకోలేదు. ఆ రోజు నా ట్రేలకి నేను అంకె చదివాకే పొడి తీసుకున్నాను, అలవాటు కొద్దీ. అత్తయ్య మూడు ట్రేలు నాటింది, లేత రోజ్‌మేరీ, ఎడమవైపు డబ్బాతో.

పదిహేను రోజులకి ఆ మూడు ట్రేలలో ఆకులు రాలడం మొదలైంది. ఎవరూ రాకముందు ఒక కొమ్మ లాగి చూశాను. అడుగు నల్లగా ఉంది. అప్పుడు డబ్బాల సంగతి బుర్రకి తట్టింది.  ఎర్ర దారం పుల్లలు మూడూ పీకాను. పక్కనే నా రోజ్‌మేరీ ట్రేలు మూడు, అవీ ఆ రోజే నాటినవి, పచ్చగా ఉన్నాయి. ఎర్ర దారాలు వాటికి గుచ్చి, నీలం దారాలు చచ్చిన వాటికి గుచ్చాను. నేరుగా యజమాని దగ్గరికి వెళ్ళి, నావి మూడు ట్రేలు పోయాయి, పొడి మారిందని చెప్పాను. ఆయన హెచ్చరిక ఇచ్చాడు. చచ్చినవన్నీ నేనే తీసుకెళ్ళి ఎరువు గుంటలో పారబోశాను.

సంగతి తెలిసి అత్తయ్య నన్ను ఉతికి ఆరేసింది. "కళ్ళు కనబడని నాకు తేడా రాలేదు. రెండు కళ్ళూ ఉన్న నువ్వు అంకె చూసుకోలేదా? మనసెక్కడ పెట్టి పనిచేస్తున్నావే?" అంది. నాకు నిజం నోటిదాకా వచ్చింది. బతుకులో మొదటిసారి నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రం ఆవిడకే జాలేసి, నా పక్కన కూర్చుని, ఎంత పొడి అద్దాలో, ఎలా దులపాలో, కొత్తదానికి చెప్పినట్టు మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. బుద్ధిగా తలూపాను. తలూపితే కనబడదని గుర్తొచ్చి, ఊఁ కొట్టాను.

ఐదో వారం లెక్క వచ్చింది. పక్క పీట నాదే కాబట్టి ఎర్ర దారం ట్రేలు నేనే లెక్కపెట్టాను. ఎనభై ఎనిమిది, తొంభై ఒకటి, ఎనభై ఆరు. యజమాని అటుగా పోతూ "చలవమ్మ చలవమ్మే" అన్నాడు. అత్తయ్య ముఖం అలా వెలగడం నేను చాలా రోజుల తర్వాత చూశాను. ఇంటికొచ్చి కొడుక్కి చెప్పింది, పక్కింటావిడకి చెప్పింది. "కళ్ళు పోతే పోనీలే, చెయ్యుంది నాకు" అంది. అన్నం రెండోసారి పెట్టించుకుని తింది. మంచి పని చేశానని నాకెంతో తృప్తిగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు అటు వరసలో ఒకావిడ, తోకతో నాటిన కొమ్మకి వేర్లు ఎలా వస్తాయో చూపించమని అడిగింది. అత్తయ్య హుషారుగా ఎర్ర దారం ట్రేలోంచి ఒక కొమ్మ పైకి తీసి, వేర్లు దులిపి, "ఇదిగో, ఇక్కడ పట్టుకుని చూడు" అంటూ బొటనవేలితో అడుగు తడిమింది. తడిమి ఆగింది. అక్కడ తోక లేదు, కత్తి కోత నున్నగా ఉంది. ఇంకోటి తీసింది. మూడోది తీసింది. తీసినవన్నీ జాగ్రత్తగా మళ్ళీ గుంటల్లో పెట్టి, లేచి, బల్ల అంచు పట్టుకుని బయటికి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను. 

యజమాని గదిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "చచ్చిన ట్రేలు నావి బాబూ. బతికినవి దీనివి. దీనికిచ్చిన హెచ్చరిక నాకివ్వు. నాకు అంకెలు కనబడట్లేదు. మనుషుల ముఖాలూ కనబడట్లేదు."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆ షెడ్డులో ఆవిడ కొంగు పట్టుకుని తిరిగినవాడు. "పెద్దమ్మా, ముప్పై రెండేళ్ళు చేశారు. ఇంక..." అన్నాడు.

"ఆ మాట అనకు" అంది అత్తయ్య. "నాకు ఒక్క ట్రే ఇవ్వు. వంద కొమ్మలు. సగం వస్తే బల్ల దగ్గర ఉంటాను. రాకపోతే ఎవరూ చెప్పక్కర్లేదు, నేనే దిగుతాను."

ఆయన సరేనన్నాడు.

బస్టాపు దాకా నేనే వాగాను. డబ్బాలు మార్చింది నేనేనని చెప్పాను. తప్పు నాది కాబట్టి నెత్తిన వేసుకున్నానని, ఆవిడ కోసమే చేశానని, అంతా బాగుంటే వెళ్ళి చెప్పుకోవాల్సిన అవసరమేమొచ్చిందని అరిచాను. ఆవిడ అంతా విని, స్టాపు బెంచీ మీద కూర్చుంది.

"డబ్బాల సంగతి ఆరోజే చెప్పుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నా కోసం చేశావని నాకు తెలీదనుకున్నావా? నిన్న నేనెంత సంతోషపడ్డానో చూశావు కదా. చూపు లేకపోయినా ఈ పని చెయ్యగలనని నమ్మాను. రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆ నమ్మకమంతా నీ కొమ్మల మీద పెట్టుకున్నానే. ఇప్పుడు నా చేతిలో ఏముందో నాకే తెలీదు."

 బస్సు వస్తే ఆవిడ వెనకాలే ఎక్కాను.

ఆ వారంలోనే ఆవిడ తన ట్రే నాటింది. తల్లిపొదల దగ్గర తడుముకుంటూ కొమ్మలు లాగింది. మిశ్రమం పిడికిట్లో పిండి చూసుకుంది. నేను చిన్న పొడి డబ్బా తెచ్చి, "ఇది చిన్నదే అత్తయ్యా, అంకె చూశాను" అన్నాను.

"పొడి వద్దు" అంది.

"పొడి లేకుండా ఎలా?"

"పొడి రాకముందు నేను నాటలేదా? ఇసుక, తోక, ఓపిక, అంతే ఉండేవి. వారాలు ఎక్కువ పడతాయి, కొన్ని పోతాయి." డబ్బా వైపు చెయ్యి చాచలేదు. "దాంట్లో ఏముందో నువ్వు చదివి చెప్పాలి. నువ్వు చెప్పింది నేను నమ్మాలి. ఇప్పుడు నమ్మలేనమ్మాయ్."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

పొడి లేదని లెక్క ఎనిమిదో వారానికి పెట్టారు. ఇంట్లో మామూలుగానే ఉన్నాం, మాటలూ ఉన్నాయి, నవ్వులూ ఉన్నాయి. కానీ మందుసీసా మీద అక్షరాలు చదివించుకోవడానికి ఆవిడ కొడుకు వచ్చేదాకా ఆగేది. నేను పక్కనే ఉన్నా నన్ను అడిగేది కాదు. ఈసారి మా ఆయన ఇల్లు వదిలి వీధిలోకి పోలేదు. సీసా చదివి, ఇద్దరినీ చూసి, దిగులుగా కూర్చునేవాడు.

ట్రేలో మూడోవారానికి కొన్ని కొమ్మలు వాడిపోయాయి. ఆరోవారానికి ఇంకొన్ని. పచ్చగా ఉన్న వాటికైనా వేర్లు వచ్చాయో లేదో పైకి తెలియదు. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళారు. నా ట్రేలో వేర్లు వచ్చిన కొమ్మలు బోలెడున్నాయి. వాటిలోంచి ఐదు తీసి చేతిలో పట్టుకుని ఆవిడ ట్రే ముందు నిలబడ్డాను. వాడిపోయినవి పీకి, ఇవి దింపడానికి నిమిషం చాలు. వాటి అడుగు చెక్కి తోకలా చేయడం కూడా నాకు చేతనవును. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి ఆ ఐదింటినీ నా ట్రేలోనే పెట్టేసి, పంపు దగ్గర ముఖం కడుక్కున్నాను.

లెక్కరోజు వచ్చింది. యజమాని వచ్చి బల్ల చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్తయ్య పీట మీద కూర్చుని, అరచేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇంకెవరినైనా లెక్కపెట్టమంటుందేమో అనుకున్నాను.

"పక్క పీట నీదే కదా, కానియ్" అంది.

చెంచా అడుగునుంచి దూర్చి ఒక్కో కొమ్మనీ నెమ్మదిగా ఎత్తి చూశాను. వేరున్నది అయితే పైకి అంకె చెప్పాను. లేనిది అయితే మాట్లాడకుండా పక్కన పెట్టాను. మొదటి వరసలు బాగా వచ్చాయి, ఇరవై తొందరగానే దాటాం. మధ్య వరసల్లో వరసగా ఎనిమిది పోయాయి. నేను మౌనంగా ఉన్నంతసేపూ ఆవిడ వేళ్ళు ఒళ్ళో ముడుచుకునేవి.  నలభై ఆరు అన్నాను. తర్వాతివి రెండు లేవు. నలభై ఏడు అన్నాను. ట్రేలో ఇంక నాలుగే మిగిలాయి. నాలుగూ ఎత్తి చూశాను. నాలుగింటికీ అడుగు నున్నగా, ఉత్తగా ఉంది.

బల్ల చివరున్న మనిషికి అంత దూరం నుంచి ఏమీ కనబడదు. అత్తయ్యకి సరేసరి. నేను ఏ అంకె చెప్తే అదే నిలుస్తుంది.

"నలభై ఏడు" అన్నాను. "అంతే."

 యజమాని గొంతు సవరించుకుని, "పొడి లేకుండా నలభై ఏడంటే మాటలా? ఇంకో వారం ఉంచితే ఆ మూడూ వస్తాయేమో పెద్దమ్మా" అన్నాడు.

"వస్తే వస్తాయి బాబూ. లెక్క ఈరోజుది" అంది అత్తయ్య. ఆయన ఆవిడ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు తలలు వంచుకుని పనిలో పడ్డారు.

అత్తయ్య పీట దగ్గరకి జరుపుకుని, గొంతు తగ్గించి, "ఏమే, యాభై అనలేకపోయావా? మూడేగా. ఎవరొచ్చి చూస్తారు?" అంది.

"మీరు నమ్మేస్తారు అత్తయ్యా" అన్నాను. "అందుకే అనలేదు."

 ఆవిడ చెయ్యి చాచి ట్రే అంచు వెతికి పట్టుకుంది. మొదటి వరసలో కొమ్మని తడిమింది, దాని పక్కదాన్ని తడిమింది.

"అయితే ఈ నలభై ఏడూ నావేనన్నమాట" అంది.

"మీవే. ఒక్కటి కూడా నాది లేదు."

"అన్నిటికీ వేర్లున్నాయా? నిజంగా చూశావా?"

"చూశాను. ఒకదానికి జానెడు పొడుగుంది."

"జానెడా?"

"బెత్తెడు" అన్నాను.

ఆవిడ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. నేనూ అదే పనిలో ఉన్నాను. లేచి, మెడలోంచి పని గుడ్డ తీసి మడిచి పీట మీద పెట్టింది. బొడ్లోంచి మందుసీసా తీసి నా చేతికిచ్చింది. "ఇది మధ్యాహ్నం వేసుకునేదో రాత్రిదో చదివి చెప్పు" అంది. మధ్యాహ్నందని చెప్పాను. నమ్మి, అక్కడే నిలబడి తల వెనక్కి వాల్చి కళ్ళలో రెండు చుక్కలు వేయించుకుంది. తర్వాత ట్రేని రెండు చేతులతో ఎత్తుకుని, ఎవరినీ పట్టుకోనివ్వకుండా, కుండీల షెడ్డు వైపు నడిచింది. నేను ముందు వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాను.